ఆరో నిమిషం

వెల్లకిలా పడుకోండి. మీరిప్పుడు వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో, మెదడును చిత్రాలు తీసే కేంద్రంలో ఉన్నారు. తాళాలు, గడియారం, వేలి ఉంగరం అన్నీ బయటే వదిలేసి వచ్చారు. మీ తల వెనక గుహలా నోరు తెరిచిన ఎంఆర్ఐ యంత్రం ఉంది. దాని బలం 3 టెస్లాలు. దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంతం కన్నా సుమారు 60 వేల రెట్లు.

ఎడమచేతి నరంలో సన్నటి గొట్టం పెట్టి ప్లాస్టర్ అంటించారు. డాక్టర్ మీ కుడి అరచేతిలో రబ్బరు బుడ్డి ఒకటి పెడతారు.

"భయమేస్తే నొక్కండి. వెంటనే బయటికి తీసేస్తాం."

బల్ల లోపలికి జరుగుతుంది. పైకప్పు ముఖం మీదికి వచ్చేసింది. తల కదలకూడదు. బియ్యపు గింజంత జరిగినా బొమ్మ అలుక్కుపోతుంది.

టకటకటక. చెవుల్లో బిరడాలున్నా పళ్ళు అదిరే మోత. మీ మెడలో పారుతున్న రక్తంలోని నీటికి యంత్రం ఒక గుర్తు వేస్తోంది. ఆ నీరు మెదడులో ఏ మూలకు ఎంత చేరిందో కొన్ని క్షణాల తర్వాత లెక్కిస్తోంది.

సిరంజిలో 10 మిల్లీలీటర్ల ద్రవం సిద్ధంగా ఉంది. మీరిక్కడికి రెండుసార్లు రావాలి. ఒకసారి ఉత్త సెలైన్ ఎక్కిస్తారు. ఇంకోసారి అందులో 2 మిల్లీగ్రాముల సిలోసైబిన్ కలుపుతారు. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే మత్తు పదార్థం అది. మింగితే పనిచేయడానికి చాలాసేపు పడుతుంది. నరంలోకి ఎక్కిస్తే మార్పు మొదలయ్యే క్షణమే యంత్రానికి దొరుకుతుంది. మీ ఒంటినీ మనసునూ పరీక్షించాకే, ఇంతకుముందు ఇలాంటి అనుభవం ఉందని తెలుసుకున్నాకే మిమ్మల్ని ఎంచుకున్నారు.

ఆరో నిమిషం. మందు కదిలింది. మోచేతి దగ్గర చల్లగా తగిలింది. అరవై సెకన్లలో అంతా లోపలికి వచ్చేస్తుంది.

కళ్ళు మూశారు. రెప్పల వెనక గీతలు. గీతలు వలలయ్యాయి. వలలు ఊపిరి తీస్తున్నాయి. యంత్రం మోతకు రంగులు ఉలిక్కిపడుతున్నాయి.

ఇవాళ ఉత్త సెలైన్ కాదు.

కాళ్ళెక్కడ? తెలియదు. ఒళ్ళెక్కడ ఆగింది, బల్లెక్కడ మొదలైంది? తెలియదు. గుండె దడదడ. గొంతు ఎండింది. అరచేతిలో బుడ్డి. ఉందా? ఉంది. నొక్కాలా? నొక్కితే వెలుతురు. మనుషులు. నేల. నొక్కితే ఇక్కడితో బొమ్మ ఆగిపోతుంది.

ఊపిరి. ఇంకొకటి.

వేళ్ళు వదులయ్యాయి. "నేను" అని ఇన్నాళ్ళూ బిగించి ఉంచుకున్న ముడి కూడా.

గంట గడిచేసరికి నేల మళ్ళీ నేలలా ఉంది. ఎంత బలంగా అనిపించిందో అంకెల్లో చెప్పమంటారు. చెబుతారు. ఆ అంకె పక్కన పెట్టి చూసే మీ మెదడు పటంలో ఏముంటుంది? లోపల అన్ని రంగులు విరజిమ్మాయి కదా, మెదడంతా భగ్గున మండి ఉండాలి. కానీ ఈ ప్రయోగం చేసిన రాబిన్ కార్‌హార్ట్-హారిస్, డేవిడ్ నట్ బృందం 2012లో ప్రచురించిన పటాల్లో కనిపించింది నీలం. నీలమంటే రక్తం తగ్గిన చోటు.

మీ వేలితోనే తాకి చూడండి. బొట్టు పెట్టుకునే చోటికి లోపల నీలం మచ్చ ఒకటి. జడ మొదలయ్యే చోటికి లోతున ఇంకొకటి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా మన గురించి మనం అల్లుకునే కథలో ఈ రెండింటికీ పెద్ద పాత్ర ఉంది. ఇవాళ రెండూ నెమ్మదించాయి. వాటి మధ్య పొత్తూ సడలింది. అనుభవం బలంగా ఉందన్నవాళ్ళలో ఈ తగ్గుదల కూడా ఎక్కువే.

నుదుటి వెనక ఆ చోటు దిగులు జబ్బు ఉన్నవాళ్ళలో అతిగా పనిచేస్తుందని అంతకుముందే గమనించారు. "నా బతుకింతే" అన్న ఒకే మాట తిరిగి తిరిగి మోగే తలలో, ఆ మోత కాసేపైనా ఆగుతుందా? ఆ ప్రశ్నతోనే లండన్‌లో, మామూలు మందులకు లొంగని దిగులుతో ఉన్న 12 మందికి వైద్యుల పర్యవేక్షణలో సిలోసైబిన్ ఇచ్చి చూశారు. 2016లో వచ్చిన తొలి ఫలితాలు ఆశ కలిగించాయి. అది చిన్న ప్రయత్నమే, ఒంటరిగా ఇంట్లో చేసి చూసేది మాత్రం ఎన్నటికీ కాదు.

మీ అరచేయి తెరిచి చూడండి. బుడ్డి అంచు ఒత్తుకుపోయిన గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. మీరు నొక్కలేదు. కదల్లేదు. ఆ నీలం అచ్చుపడటానికి అదే కావలసింది.