లాగితే మెరుగయ్యే తీగ

నియోబియం-తగరం తీగను ద్రవ హీలియంలో ముంచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి మెల్లగా సాగదీస్తే, మొదట అది మోయగల కరెంటు పెరుగుతుంది. ఇంకా లాగితే ఒక శిఖరం దాటి తగ్గుముఖం పడుతుంది. ఆపైన లోపల పగుళ్లు పడతాయి. ఇక వదిలేసినా పాత సత్తువ తిరిగి రాదు. కేంద్రక సంలీన రియాక్టర్ల అయస్కాంతాలు కట్టేవాళ్లను ఏళ్ల తరబడి వేధించింది ఈ వంపు గీతే.

ఈ పదార్థపు అతివాహకతను, అంటే నిరోధం లేకుండా కరెంటు మోసే గుణాన్ని, 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బెర్న్ట్ మథియాస్ బృందం కనిపెట్టింది. 1961లో అక్కడే కుంజ్లర్ బృందం 8.8 టెస్లాల క్షేత్రంలో దీనిచేత చదరపు సెంటీమీటరుకు లక్ష ఆంపియర్లు మోయించింది. చిక్కల్లా ఇది కాల్చిన అప్పడంలా పెళుసు. అందుకే నియోబియం పోగులను కంచులో పొదిగి, సన్నని తీగగా లాగి, చుట్ట చుట్టాకే సుమారు 650 డిగ్రీల కొలిమిలో రోజుల తరబడి ఉంచుతారు. కంచులోని తగరం నియోబియంలోకి చేరి అసలు పదార్థం అక్కడ పుడుతుంది.

చిత్రం జరిగేది ఆ తర్వాతే. అంత వేడి నుంచి మైనస్ 269 డిగ్రీలకు దించితే కంచు, రాగి ఎక్కువగా కుంచించుకుపోయి లోపలి పోగులను నొక్కిపెడతాయి. బయటి నుంచి లాగినప్పుడు ముందుగా ఆ నొక్కుడు సడలుతుంది. కరెంటు పెరిగేది అందుకే! కొలరాడోలోని బౌల్డర్‌లో, అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో జాక్ ఎకిన్ ఇలాంటి తీగలను ఓపికగా లాగి కొలిచారు. సాగుదలకూ క్షేత్రానికీ కరెంటుకూ లంకె చూపే సూత్రాన్ని 1980లో ప్రకటించారు.

ఇలాంటి కొలతలకే బ్రిటన్‌లో 1980లలో వచ్చిన వాల్టర్స్ స్ప్రింగు పనితనం చూడముచ్చటైనది. తీగను స్ప్రింగు మీద చుట్టి టంకం పెడతారు. ఒకవైపు తిప్పితే తీగ సాగుతుంది, రెండోవైపు తిప్పితే నొక్కుకుంటుంది. కరెంటు పెంచుతూ పోయి, సెంటీమీటరు తీగ మీద మైక్రోవోల్టులో పదోవంతు కనిపించగానే అప్పటి కరెంటు అంకె రాసుకుంటారు.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ సంలీన రియాక్టరులో మన దేశమూ భాగస్వామి. దాని టొరాయిడల్ అయస్కాంత కాయిళ్ల కేబుల్‌లో 0.82 మిల్లీమీటర్ల అతివాహక తీగలు 900, రాగి తీగలు 522 కలిపి పేని స్టీలు గొట్టంలో దూర్చారు. 11.8 టెస్లాలలో 68 వేల ఆంపియర్లు పారితే మీటరు కేబుల్ మీద దాదాపు 80 టన్నుల బలం పడుతుంది. ఒంటి తీగను నిటారుగా లాగిన కొలతలు ఇక్కడ చాలవు. గొట్టంలో ప్రతి తీగా పక్కకు వంగుతుంది.

ఆ సంగతి స్విట్జర్లాండ్‌లోని విల్లిగెన్‌లో, సుల్తాన్ పరీక్షా కేంద్రంలో తేటతెల్లమైంది. 2010 ప్రాంతంలో ఇటర్ నడిమధ్య ఉండే మరో అయస్కాంతం, మధ్య సొలినాయిడ్, కేబుల్ నమూనాలకు కరెంటు పెట్టి తీసి, పెట్టి తీసి చూస్తే పనితనం దిగజారుతూనే పోయింది. సొలినాయిడ్ తన జీవితకాలంలో అలాంటి విడతలు 60 వేలు తట్టుకోవాలి! విరుగుడు పేనడంలో దొరికింది. మెలికల దూరం తగ్గించి బిగువుగా పేనితే తీగలు ఒకదానికొకటి దన్నుగా నిలిచాయి, దిగజారుడు ఆగింది. ఇటర్ సొలినాయిడ్‌కు వాడింది ఆ పొట్టి మెలికల కేబులే.