బేరింగ్ లేని పంపు

మా అన్నకు గుండె పంపింగ్ ఇరవైకి పడిపోయిందని బెంగళూరు డాక్టరు చెప్పినప్పుడు మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం, చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, కుర్చీలో ముందుకు జరిగాను. పంపు అన్న మాట వినపడితే నాకంతే. బళ్లారిలో నలభై రెండేళ్లు మోటార్లకు వైండింగ్ చుట్టి, పంపులకు బుష్షులూ బేరింగులూ మార్చి బతికినవాణ్ణి.

ఇరవై అంటే ఎడమవైపు కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు నూటికి ఇరవై వంతులే బయటికి పోతోందని. సరైన గుండె సగానికి పైనే తోస్తుంది. మందులతో కొన్నాళ్లు లాగొచ్చు, ఆ తర్వాత దారి గుండె మార్పిడి. మనదేశంలో దాన్ని మొదట గెలిపించింది మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. 1994 ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో. కానీ ఇంకొకరి గుండె దొరకాలి కదా, అదీ డెబ్బై దాటినవాడికి. అందుకని డాక్టరు సొరుగులోంచి ఒక మచ్చు పంపు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వందల గ్రాములుంటుందేమో, అరచేతిలో ఇమిడింది. అలవాటు చొప్పున చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను.

"బేరింగ్ యాడుంది సార్?"

"లేదు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా వెనక్కి తీసుకుపోయింది. మాది మోకా పక్కన, హగరి ఒడ్డు. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్ర వైపు మిగిలి బళ్లారి మైసూరులో కలిసింది. తుంగభద్ర డ్యాం కూడా ఆ ఏడుదే. కాలువ కింద పడిన చేలు పచ్చబడ్డాయి. మా చేను మిట్ట మీద పడింది గనక మాకు బావీ, కపిలా తప్పలేదు. మా నాయన కపిల తోలేవాడు, ఆయన తర్వాత మా అన్న.

కపిల చూడనివాళ్లకు దాని తెలివి చెప్పాలి. పది బిందెల నీళ్లు పట్టే బాన. దాని అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం. బానకు లావుపాటి మోకు, తొండం కొసకు సన్న తాడు. మోకు పై గిలక మీద, సన్న తాడు కింది గిలక మీద నడుస్తాయి. బాన బావిలో ఉన్నంతసేపూ సన్న తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది, చుక్క కారదు. ఎద్దులు ఏటవాలు దారిన దిగుతాయి, మా అన్న మోకు మీద ఎక్కి కూర్చుని తన బరువూ కలుపుతాడు. బాన గట్టు దాటగానే తొండం తొట్టిలోకి చాచుకుని నీళ్లు భళ్లున పడతాయి. ఎద్దులు వెనక నడకన ఎక్కుతాయి, బాన మళ్లీ మునుగుతుంది. నిండడం, లేవడం, ఒలకడం. నడుమ ఒక ఊపిరంత సేపు ఏమీ ఉండదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తొండమే కవాటం, ఎద్దులే కండరం.

మనిషి చేసిన మొదటి గుండెలన్నీ ఈ కపిల వాటమే. 1957లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విలెం కోల్ఫ్, అకుత్సు అనే జపాను ఆయన కలిసి ఒక కుక్కకు ప్లాస్టిక్ గుండె పెట్టి గంటన్నర బతికించారు. 1969 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ మొదటిసారి మనిషికి పెట్టాడు. ఇంకొకరి గుండె వచ్చేదాకా అది 64 గంటలు మోసింది. మాది నటుడు బళ్లారి రాఘవ పేరు చెప్పుకునే నాటకాల ఊరు కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1963లో కృత్రిమ గుండెకు పేటెంటు పుచ్చుకున్నవాళ్లలో పాల్ వించెల్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన పని డాక్టరీ కాదు, పెదవి కదపకుండా బొమ్మల చేత మాట్లాడించడం!

లోకమంతా పేపర్లలో చదివింది మాత్రం 1982 డిసెంబరు 2న యూటాలో బార్నీ క్లార్క్ అనే పళ్ల డాక్టరుకు పెట్టిన జార్విక్-7. దాన్ని నడిపేది గాలి. రొమ్ములోంచి రెండు గొట్టాలు బయటికొచ్చి, బీరువా అంత యంత్రానికి తగులుకుని ఉండేవి. రెండు వారాలు తిరక్కుండానే ఒక కవాటం విరిగింది, మళ్లీ కోశారు. ఆయన 112 రోజులు బతికాడు. ఆ తర్వాత గుండె మొత్తం తీసేయకుండా ఎడమ గదికి మాత్రం తోడు పంపు తగిలించే పద్ధతి ముందుకొచ్చింది. 2001లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 129 మంది రోగులు. మందులతోనే నెట్టుకొచ్చినవాళ్లలో ఏడాది తర్వాత మిగిలింది నాలుగో వంతు, పంపు పెట్టించుకున్నవాళ్లలో సగం. మంచి తేడానే. కానీ రెండేళ్లయ్యేసరికి పంపు ఉన్నవాళ్లలోనూ నూటికి 23 మందే మిగిలారు. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. లక్షసార్లు మడిచి విప్పితే ఏ తోలు ఆగుతుంది? మా నాయన ఏటేటా తొండం మార్పించేవాడు.

మా బావికి కరెంటు మోటారు వచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు. నీళ్లు ఆగకుండా, ఒకే ధారగా, తెంపు లేకుండా వస్తుంటే మా నాయన చాలాసేపు చూసి, "ఇది ఊపిరి తీసుకోదేమిరా?" అన్నాడు. ఒక ఇంపెల్లర్ గిర్రున తిరగడం తప్ప అందులో మడతపడేది ఏదీ లేదు. కపిలను అప్పుడే ఇప్పేశాం.

గుండె పంపులకు ఆ బుద్ధి పుట్టించింది కూడా నీళ్లు తోడే రైతులే, నేను చెబితే నమ్మరు. 1976లో రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికా డాక్టరు ఈజిప్టు పల్లెలో వైద్యానికి పోయి, అక్కడి మనుషులు గొట్టంలో మరను తిప్పుతూ నీటిని గట్టుకెక్కించడం చూశాడు. రక్తాన్నీ అట్లా ఎక్కించొచ్చు కదా అనుకున్నాడు. అంత వేగానికి రక్తకణాలు చితికిపోతాయని తోటివాళ్లు నవ్వారట. 1988లో హ్యూస్టన్‌లో ఫ్రేజియర్ అనే సర్జను చేతుల మీదుగా ఆ పంపు మనిషిలో తిరిగింది. నిమిషానికి 25,000 చుట్లు. కణాలు తట్టుకున్నాయి. గుండెలా కొట్టుకోవాలన్న పట్టు వదిలాకే గుండె పంపు దారిన పడిందని నా లెక్క. 2011లో ఫ్రేజియర్, బిల్లీ కోన్ ఒకాయన గుండెను పూర్తిగా తీసేసి రెండు తిరుగుడు పంపులు పెట్టారు. ఆయన మాట్లాడాడు, నవ్వాడు. నాడి మాత్రం లేదు. ఐదు వారాలు బతికాడు.

మిగిలింది బేరింగ్ గొడవ. అది నాకు తెలిసిన గొడవ. ఇసుక పోయి బుష్ అరిగితే షాఫ్టు ఊగుతుంది, ఇంపెల్లర్ గోడకు రాచుకుంటుంది, మోటారు కాలిపోతుంది. రక్తంలో ఇసుక లేదు గానీ గడ్డ ఉంది. రాపిడీ వేడీ ఉన్నచోట, ధార మందగించినచోట రక్తం పేరుకుంటుంది. 2008లో అమెరికా ఒప్పుకున్న హార్ట్‌మేట్-2లో రూబీ రాళ్ల బేరింగులు, రక్తంలోనే మునిగి తిరిగేవి. అదే ఏడు బెంగళూరు నారాయణ హృదయాలయలో పెట్టిన ఆస్ట్రేలియా పంపు వెంట్రఅసిస్ట్‌లో తిరిగే ముక్క ఒక్కటే, అది రక్తం ఒత్తిడి మీదే తేలేది. నా చేతిలో ఉన్న హార్ట్‌మేట్-3లో ఇంపెల్లర్‌ను అయస్కాంతాలు నడిమధ్య ఎత్తి పట్టుకుంటాయి. దేనికీ తగలదు. నేను నలభై ఏళ్లు డబ్బులు తీసుకున్న రిపేరే అందులో లేదు!

"అయితే నాడి దొరకదా?" అని వదిన అడిగింది. సొంత గుండె కాస్త ఆడుతుంటుంది గనక సన్నగా దొరికినా దొరకవచ్చు, లేకపోనూ వచ్చన్నాడు డాక్టరు. కడుపులోంచి ఒక తీగ బయటికొస్తుంది, నడుముకు కంట్రోలరు, రెండు బ్యాటరీలు. తీగ దూరినచోట చీము పట్టకుండా చూసుకోవాలి, రక్తం పలచనయ్యే మాత్ర రోజూ వేసుకోవాలి. ఖర్చు కోటికి అటో ఇటో. బ్యాటరీ పదిహేడు గంటలదాకా వస్తుందట. మా పల్లె కరెంటును తలుచుకుని నేను, కోటిని తలుచుకుని వదిన, ఇద్దరం ఊరుకున్నాం.

అన్న ఊరుకోలేదు. పంపును నా చేతిలోంచి తీసుకుని, "ఇది ఆగకుండా ఒకే తీరుగా తిరుగుతుందా?" అన్నాడు.

ఒకే తీరుగా కాదట. రక్తం ఒక మూల నిలవ ఉండకుండా ప్రతి రెండు సెకన్లకోసారి దానంతటదే వేగం తగ్గించి, పెంచి, ఒక ఊపు ఊపుతుందని డాక్టరు వేళ్లతో చూపించాడు. కావాలనే అట్లా పెట్టారట.

అన్న ఆ వేళ్ల వంకే చూస్తూ, "తిరిగి తిరిగి కపిల కాడికే వచ్చినారు" అని, పంపును మేజా మీద పెట్టి, "లేరా, ఆఖరి బస్సు దొరకదు" అన్నాడు.