విమానం నుంచి పడక కుర్చీ దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అనగానే శాతవాహనుల గురించో, కాకతీయుల గురించో రాస్తానని మీరు అనుకొని ఉంటారు. నేను రాస్తున్నది మన మనుమల చేతుల్లో కనిపించే జాయ్‌స్టిక్ అనే చిన్న కర్ర గురించి. దానికీ ఒక చరిత్ర ఉన్నది. మన వయసువారికి దానితో పని కూడా ఉన్నది.

ఆ కర్ర ఆటల కోసం పుట్టినది కాదు. 1909 జూలై 25న ఫ్రెంచి వైమానికుడు లూయీ బ్లెరియో ఇంగ్లీషు ఛానల్‌ను దాటినప్పుడు ఆయన విమానాన్ని నడిపింది ఇటువంటి కర్రతోనే. పైలట్ చూపు ఎదుట ఉండాలి. చేతి వంక చూసుకునే తీరిక ఉండదు. విమానం ఎటు వాలాలో అటు కర్రను వంచడమే.

1977లో అమెరికాలోని అటారి కంపెనీ తన వీడియో ఆటల యంత్రంతో ఒక కర్ర, ఒక బటన్ గల జాయ్‌స్టిక్‌ను ఇచ్చింది. అలా అది ఇళ్లలో టీవీ ముందుకు చేరింది. 2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ వచ్చేసరికి కర్ర బొటనవేలితో కదిపేంత చిన్నదైంది.

అసలు మలుపు ఇక్కడే. 2002లో కొందరు ప్రోగ్రామర్లు స్వచ్ఛందంగా ఆ ఆటల పెట్టెలోనే సినిమాలు, పాటలు నడిచే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం మొదలుపెట్టారు. మార్పులు చేసిన ఎక్స్‌బాక్స్‌లలో మాత్రమే అది పనిచేసేది. 2004 జూన్‌లో ‘ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్’ 1.0 వెలువడింది. పెట్టెతో పాటు రిమోట్ వచ్చేది కాదు, వేరుగా కొనుక్కోవాలి. చేతిలో ఉన్నది ఆటల కంట్రోలరే కనుక మెనూ దానికి తగినట్టే తయారైంది. కర్రను కిందికి వంచితే జాబితాలో ఒక వరుస దిగుతుంది. ‘ఏ’ బటన్ నొక్కితే ఎంచుకున్నది తెరుచుకుంటుంది, ‘బీ’ నొక్కితే వెనక్కి వస్తుంది. మన ఆఫీసు భాషలో ఒకటి ‘ఆమోదించడమైనది’, రెండవది ‘తిప్పి పంపడమైనది’. పది అడుగుల దూరంలో కూర్చున్నవారికి కనబడేలా అక్షరాలు పెద్దవిగా ఉంటాయి.

తరువాత ఆ సాఫ్ట్‌వేర్ మామూలు కంప్యూటర్లకు వచ్చింది. 2014లో ‘కోడి’ అని పేరు మార్చుకుంది. జాయ్‌స్టిక్‌తో నడిపే వీలు మాత్రం పోలేదు.

ఇక మన సంగతి. రిమోట్ మీద నలభై యాభై బటన్లు, చీమతలకాయంత అక్షరాలు. ఒకసారి రిమోట్‌ను, ఒకసారి తెరను చూడటానికి కళ్లజోడు సవరించుకోవడంతోనే సరిపోతుంది. జాయ్‌స్టిక్‌తో ఆ బాధ లేదు. పైలట్‌కు మల్లేనే చూపు ఎదుట ఉంటుంది, పని చేతికి తెలుస్తుంది. చెయ్యి కొద్దిగా వణికినా భయం లేదు. కర్ర మధ్యస్థానంలో ఉండగా చిన్న కదలికలను లెక్కలోకి తీసుకోని ఏర్పాటు ఉంటుంది. దానిని ‘డెడ్ జోన్’ అంటారు. ఒక్క చిక్కు మాత్రం ఉన్నది. పాట పేరు టైపు చేసి వెతకాలంటే ఒక్కొక్క అక్షరం దగ్గరకూ కర్రను నడిపించాలి, ఓపిక కావాలి.

సర్వీసులో ఉండగా పై అధికారి సంతకం కోసం వేచి ఉన్నాము. ఇప్పుడొక పాత పాట వినడానికి మనుమడు కాలేజీ నుంచి వచ్చేదాకా వేచి ఉండాలా? ఒక ఆదివారం అతని చేత కంట్రోలర్ అమర్చించుకొని, ఏ బటన్ దేనికో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. సోమవారం నుంచి మీ పాట మీరే పెట్టుకోవచ్చు.