బీటిల్ ఇంజను మార్పిడి

జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తయారుచేసిన పాత బీటిల్ కారు వెనక భాగంలో, గాలితోనే చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజను ఉంటుంది. దాన్ని దించి, ఆ స్థానంలో బాగుచేసిన ఇంజనునో అంతకంటే పెద్ద ఇంజనునో ఎక్కించడమే బీటిల్ ఇంజను మార్పిడి. ఏ కారుకైనా ఇది వర్క్‌షాపు పనే. అయితే బీటిల్ విషయంలో చాలాకాలం పాటు సొంతదారులే ఇంటి ముంగిట, పానాలతో, ఒక జాకీతో చేసుకున్నారు. 1990ల చివర వచ్చిన న్యూ బీటిల్‌కు ఇవేవీ వర్తించవు. ఆకారంలో పోలిక ఉన్నా దాని ఇంజను ముందుంటుంది, నీటితో చల్లబడుతుంది.

నిర్మాణం

ముందు ఇంజను ఉన్న మామూలు కారులో ఇంజను తీయాలంటే రేడియేటర్ విప్పాలి, నీళ్లు వంచాలి, సైలెన్సర్ గొట్టాన్ని విడదీయాలి, మౌంటింగులు ఊడదీయాలి. ఆ తరువాత బానెట్ తీసేసి, చైన్ బ్లాకు వేలాడదీసి పైకి లాగాలి. బీటిల్‌లో ఈ శ్రమ చాలావరకు లేదు. రేడియేటర్ లేదు. ఇంజనుకు విడిగా మౌంటింగులూ లేవు. గేర్ బాక్సు కారు చట్రానికి బిగించి ఉంటే, ఇంజను ఆ గేర్ బాక్సుకు నాలుగే చోట్ల బిగించి వేలాడుతుంది. పైన రెండు బోల్టులు, కింద రెండు స్టడ్డులకు రెండు నట్లు. నాలుగింటికీ 17 మి.మీ. పానాయే. సైలెన్సర్ ఇంజనుకే అంటుకుని ఉంటుంది కాబట్టి దాంతోపాటే దిగుతుంది.

బరువు కూడా కలిసొచ్చింది. క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమలోహం, హెడ్లు అల్యూమినియం. అన్ని హంగులతో కలిపి ఇంజను సుమారు 110 కిలోలు తూగుతుంది. అటూ ఇటూ ఇద్దరు పట్టుకుంటే నేలమీద జరపగలరు.

ఈ సౌకర్యం యాదృచ్ఛికం కాదు. ఇంజను అరిగిపోతే కారు దగ్గరే విప్పి బోరింగు చేయడం కాకుండా, మొత్తంగా తీసి మరొకటి ఎక్కించి పంపడం అప్పట్లో ఫోక్స్‌వ్యాగన్ డీలర్ల సేవా విధానంలో భాగంగా ఉండేది. పాత ఇంజన్లను, గేర్ బాక్సులను బాగుచేయడం కోసమే 1958లో కాసెల్ దగ్గర కర్మాగారం మొదలైంది. డీలరు చేయగలిగిన పనిని సొంతదారు ఎందుకు చేయకూడదన్న ప్రశ్నకు 1969లో అమెరికాలో ఒక పుస్తకం జవాబు చెప్పింది. జాన్ మ్యూర్ రాసిన ‘హౌ టు కీప్ యువర్ ఫోక్స్‌వ్యాగన్ అలైవ్’ అది. బొమ్మలు పీటర్ ఆష్‌వాండెన్ వేశాడు. పానా పట్టడం తెలియనివాడిని కూడా కారు కిందికి పంపడమే ఆ పుస్తకం ఉద్దేశం, అందులో అది గెలిచింది కూడా. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి బండి బయటికొచ్చేనాటికి మొత్తం 2,15,29,464 బీటిల్‌లు తయారయ్యాయి. ఇన్ని బండ్లున్నప్పుడు పాత ఇంజన్లకు, విడిభాగాలకు కరువుండదు.

ఏ ఇంజను ఏ కారుకు

ఇంజను దించడం కంటే ఈ ప్రశ్నే చిక్కైనది. 1954లో 1,192 సీసీ, 1966 మోడల్‌కు 1,285 సీసీ, 1967కు 1,493 సీసీ, 1970 ప్రాంతంలో 1,584 సీసీ వచ్చాయి. వాడుకలో వీటిని 1200, 1300, 1500, 1600 అంటారు. చివరి మూడింటి స్ట్రోకు 69 మి.మీ. ఒక్కటే, మారింది బోరు మాత్రమే. బయటి ఆకారం దాదాపు ఒకటే కాబట్టి చిన్న ఇంజను తీసి 1600 పెట్టుకోవడం బాగా వాడుకలోకి వచ్చింది. చేతిలోని ఇంజను ఏదో తెలియాలంటే డైనమో కూర్చునే దిమ్మె మొదట్లో క్రాంక్‌కేసు మీద కొట్టిన నంబరు చూడాలి. ‘ఎఫ్’తో మొదలైతే 1300, ‘హెచ్’ అయితే 1500, ‘ఏఈ’ అయితే 1600. అయితే పాత కేసులో కొత్త సిలిండర్లు వేసిన ఇంజన్లూ సంతలో తిరుగుతుంటాయి. అమ్మేవాడి మాటకంటే, ఆ నంబరుకంటే కూడా కొలిచి చూసిన బోరునే నమ్మాలి.

అసలు మెలిక ఓల్టుల దగ్గర వస్తుంది. 1966 దాకా చాలా బీటిల్‌లు 6 ఓల్టులవి, తరువాతవి 12 ఓల్టులవి. బల్బులు, డైనమో మారిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఫ్లైవీలు కూడా మారింది. 6 ఓల్టుల ఫ్లైవీలుకు 109 పళ్లు, దానిమీద 180 మి.మీ. క్లచ్. 12 ఓల్టులదానికి 130 పళ్లు, 200 మి.మీ. క్లచ్, చక్రం వ్యాసమూ పెద్దది. పాత గేర్ బాక్సు గంట ఆకారపు నోట్లో ఈ పెద్ద చక్రం పట్టదు, లోపలి అంచుకు ఒరుసుకుంటుంది. అప్పుడు రెండే దారులు: ఆ అంచును గ్రైండరుతో అరగదీయడం, లేదా కొత్త ఇంజనుకు పాత చిన్న ఫ్లైవీలునే వేయడం. మొదటి దారిలో వెళితే సెల్ఫ్ మోటారు కూడా 12 ఓల్టులది కావాలి, దాని ఇరుసు కొనకు సరిపడే బుష్ గేర్ బాక్సులో వేయాలి. రెండో దారిలో క్లచ్ చిన్నదవుతుంది. ఊరికే తిరిగే బండికి అది చాలు, ఘాట్లెక్కే బండికి చాలదు. ఇవన్నీ ఇంజను దించిన రోజు సాయంత్రం కనుక్కుంటే ఆ బండి నెలల తరబడి ముంగిట్లోనే నిలబడిపోతుంది. రెండు ఫ్లైవీళ్ల పళ్లూ ముందే లెక్కపెట్టుకోవాలి.

దించడం

మొదట బ్యాటరీ ఎర్త్ వైరు తీయాలి. బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. తరువాత డైనమో, కాయిల్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, కార్బురేటర్ ఆటోమేటిక్ చోక్ వైర్లు విప్పి, ఒక్కొక్కదానికి చీటీ కట్టాలి. యాక్సిలరేటర్ కేబుల్ ఫ్యాన్ తొడుగులోని గొట్టం గుండా వస్తుంది. కార్బురేటర్ దగ్గర వదులుచేసి, దాన్ని ముందువైపుకు లాగేయాలి. హీటరు గొట్టాలు రెండు, వాటి తలుపులను లాగే తీగలు రెండు, వెనక అడ్డురేకు, ఆ పైన పెట్రోలు గొట్టం. ట్యాంకు కారు ముందుభాగంలో ఎత్తున ఉంటుంది కాబట్టి గొట్టం ఊడగానే పెట్రోలు కారడం మొదలవుతుంది. చేతిలో ఒక బోల్టు సిద్ధంగా పెట్టుకుని వెంటనే బిరడా వేయాలి.

ఆ గొట్టం గురించి ఇంకో మాట. గుడ్డ అల్లిక ఉన్న పాత రబ్బరు గొట్టాలు ఏళ్లు గడిచేకొద్దీ పగిలి పెట్రోలు చిమ్ముతాయి. బీటిల్‌లు తగలబడటానికి పేరుమోసిన కారణం ఇదే. క్రాంక్‌కేసులో మెగ్నీషియం అంటుకున్నాక నీళ్లు చల్లితే మంట ఇంకా రేగుతుంది. ఇంజను ఎలాగూ బయటే ఉంటుంది కాబట్టి కొత్త గొట్టం, కొత్త క్లాంపులు వేయకుండా తిరిగి ఎక్కించడం తెలివితక్కువ పని.

ఇంజను కిందికే దిగుతుంది, కాబట్టి కారు వెనక భాగం బాగా పైకి లేవాలి. ఫ్యాన్ తొడుగుతో సహా బయటికి రావాలంటే వెనక బంపరు నేలనుంచి సుమారు 90 సెం.మీ. ఎత్తున ఉండాలి. తొడుగు ముందే విప్పితే అంత అక్కర్లేదు. కారును నిలబెట్టేది ఉక్కు స్టాండ్ల మీదే. బోలు సిమెంటు ఇటుకలు హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పిండవుతాయి, జాకీలో ఆయిల్ సీల్ ఎప్పుడు పోతుందో జాకీకే తెలియదు. ఈ పనిలో అన్నిటికంటే ప్రాణాంతకమైన ఘట్టం ఇదే.

బోల్టులు నాలుగే అయినా పై రెండూ సతాయిస్తాయి. కుడివైపుది సెల్ఫ్ మోటారును కూడా పట్టుకుని ఉంటుంది. నట్టు తిప్పేటప్పుడు తిరగకుండా దాని తలను ఒక పక్క చదును చేశారు. ఎడమదానికి పాత ఇంజన్లలో ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కింద పడుకుని బోల్టు తల పట్టుకుంటే, మరొకరు ఫ్యాన్ తొడుగు వెనకకు చేయి దూర్చి, కనబడని నట్టుకు తడుముకుంటూ పానా తగిలించాలి. తరువాతి ఇంజన్లలో నట్టును కేసులోనే కదలకుండా అమర్చి ఈ బాధ తప్పించారు. పైవి విప్పాక జాకీని ఇంజను కింద మధ్యలో ఆనించి, కింది నట్లు తీయాలి.

ఇక్కడ తొందర పనికిరాదు. గేర్ బాక్సు నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటు గుండా ఫ్లైవీలు మధ్యకు వెళ్లి ఉంటుంది. ఇంజనును మొదట తిన్నగా 10 సెం.మీ. దాకా వెనక్కి లాగి, షాఫ్టు పూర్తిగా బయటపడ్డాకే కిందికి దించాలి. మధ్యలో జాకీ దింపితే 110 కిలోల బరువంతా ఆ సన్నని షాఫ్టు మీద, క్లచ్ ప్లేటు మీద పడుతుంది.

ఫ్లైవీలు నట్టు

కొనే ఇంజను చాలాసార్లు ఒట్టి మొండెమే. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, డైనమో, రేకులు, సైలెన్సర్ పాతదాన్నుంచి దీనికి మార్చుకోవాలి. దించడానికి ఒక పూట చాలు, ఈ మార్పుచేర్పులే రోజులు తింటాయి. వాటిలో ఫ్లైవీలు పని ప్రత్యేకమైనది.

ఫ్లైవీలును క్రాంక్ షాఫ్టుకు పట్టివుంచేది మధ్యలోని ఒకే ఒక్క పెద్ద నట్టు, 36 మి.మీ.ది. దాని బిగింపు సుమారు 300 న్యూటన్ మీటర్లు, అంటే 30 కిలోగ్రాం మీటర్లు. గేర్ బాక్సుకు ఇంజనును బిగించే నట్లకు ఇందులో పదోవంతు చాలు. ఇంట్లో ఉండే టార్క్ రెంచిలు అంత దూరం కొలవలేవు. దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. ఫ్లైవీలు తిరగకుండా ఇనుప పట్టీతో కట్టేసి, సాకెట్టు రాడ్డుకు పొడవాటి పైపు తొడిగి, 60 కిలోల మనిషి నట్టు కేంద్రం నుంచి సరిగ్గా అర మీటరు దూరంలో పైపు మీద బరువంతా మోపితే 30 కిలోగ్రాం మీటర్లు వచ్చేస్తుంది. పైపు నేలకు సమాంతరంగా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. బిగింపు చాలకపోతే ఫ్లైవీలు మెల్లగా ఆడుతూ, దాన్ని క్రాంక్‌కు కలిపే గూటాల రంధ్రాలను కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. ఆపైన క్రాంక్ పనికిరాదు.

బిగించేముందు క్రాంక్ ముందుకూ వెనక్కూ ఎంత ఆడుతుందో కొలవాలి. అది 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉండాలి. ఫ్లైవీలు వెనక వేసే మూడు సన్నని షిమ్ముల మందం మార్చి దీన్ని సరిచేస్తారు. ఇది పానాతో తేలే పని కాదు, డయల్ గేజి కావాలి. అది అద్దెకో ఎరువుకో దొరకనివాళ్లు ఈ ఒక్క అంగం మెకానిక్‌కు అప్పగించడం మంచిది. ఆయిల్ సీల్ మాత్రం ఎవరు చేసినా కొత్తది వేయాల్సిందే. రెండు రూపాయలు మిగుల్చుకోబోయి మళ్లీ ఇంజను దించిన కథలన్నీ ఆ సీల్ దగ్గరే మొదలవుతాయి.

ఎక్కించడం, గాలి దారి

ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క దొరికితే దాన్ని దూర్చి ప్రెషర్ ప్లేటు బిగిస్తారు. ఇంజనును లేపి ముందుకు నెట్టినప్పుడు షాఫ్టు గాళ్లు ప్లేటు గాళ్లలోకి వెళ్లకపోతే, గేరు వేసి ఉంచి, డైనమో పుల్లీ నట్టును 21 మి.మీ. పానాతో మెల్లగా తిప్పితే ఒకచోట జారి కూర్చుంటుంది. కేసులు రెండూ చేత్తో నెడితేనే కలవాలి. బోల్టులతో లాగి కలపబోతే కేసు చెవులు విరుగుతాయి.

గాలితో చల్లబడే ఇంజనుకు చుట్టూ ఉండే రేకులు అలంకారం కావు. ఫ్యాన్ తోసే గాలిని సిలిండర్ల రెక్కల మధ్యకు మళ్లించేవి అవే. ఇంజను గది అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, కింద సైలెన్సర్ దగ్గర వేడెక్కిన గాలి మళ్లీ పైకి వచ్చి ఫ్యాన్‌లోకి పోకుండా ఆపుతుంది. ఎక్కించే హడావిడిలో ఒక రేకు మిగిలిపోతే బండి ఆ రోజు బాగానే నడుస్తుంది, ఎండాకాలంలో కాలిపోతుంది. పాత ఇంజన్లలో మూడో సిలిండర్ ఎప్పుడూ ఎక్కువ వేడెక్కేది, ఆయిల్ కూలర్ దానికి వచ్చే గాలికి అడ్డంగా ఉండేది మరి. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకు జరిపి ఆ లోపం సరిదిద్దారు. మార్పిడికి ఇంజను ఎంచుకునేటప్పుడు కొన్ని గుర్రాల శక్తి ఎక్కువుందా అని కాక, ఈ కూలర్ ఉందా అని చూడటం మేలు.

వాల్వు ట్యాపెట్లు చల్లగా ఉన్నప్పుడు 0.15 మి.మీ., ఆయిల్ రెండున్నర లీటర్లు, నిప్పురవ్వ వరుస 1-4-3-2. స్టార్టు చేసేముందు కాయిల్ వైరు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి.

వేరే ఇంజన్లు, రిజిస్ట్రేషన్

అడాప్టర్ ప్లేటు సాయంతో సుబారు ఇంజన్లను, విద్యుత్ మోటార్లను కూడా బీటిల్ గేర్ బాక్సుకు బిగిస్తున్నారు. సుబారు ఇంజనుతో శక్తి బాగా పెరుగుతుంది. కానీ దానికి నీళ్లు కావాలి, రేడియేటర్ కావాలి, దాన్ని పెట్టే చోటు కావాలి. బీటిల్ సులువంతా అక్కడితో పోతుంది.

తెలుగునాట ఇంజను మార్పిడి అనగానే గుర్తొచ్చేది పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను పెట్టించిన అంబాసిడర్. అది చైన్ బ్లాకులు, వెల్డింగు ఉన్న విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల జరిగే పని, ముంగిట్లో అయ్యేది కాదు. భారతదేశంలో ఏ కారుకైనా ఇంజను మార్పు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆర్.సి.లో ఇంజను నంబరు ఉంటుంది కాబట్టి మార్పుకు రవాణా కార్యాలయం అనుమతి తీసుకుని, కొత్త నంబరు నమోదు చేయించాలి. కొన్న ఇంజను బిల్లు లేకపోతే ఆ నంబరు ఎక్కడిదన్న ప్రశ్న అక్కడే ఎదురవుతుంది.