వాళ్ల దగ్గరున్న లెక్కే మళ్లీ మనం రాసివ్వాలి

జనవరి నెలాఖరు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే మాట: "టాక్స్ ఫైల్ చేశారా? రిఫండ్ ఎంతొస్తోంది?" ఏప్రిల్ 15 దాకా ఇదే వరస. జులైలో మీకూ ఐటీ రిటర్న్ హడావిడి ఉంటుంది, కాదనను. కానీ పోర్టల్‌లోకి వెళ్లగానే మీ జీతం, టీడీఎస్, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు చాలావరకు ముందే నింపి ఉంటాయి. ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం తెరిస్తే మీ గురించి శాఖకు ఏం తెలుసో మీకూ తెలుస్తుంది. తప్పుంటే తప్పని చెప్పొచ్చు. ఇంత సంపన్న దేశమైన అమెరికాలో ఇలా ముందే నింపి ఇచ్చే సౌకర్యం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్లాలి.

ముందు ఇక్కడి పద్ధతి చెబుతాను. జీతమిచ్చే కంపెనీ డబ్ల్యూ-2 అనే కాగితం ఇస్తుంది. మన ఫారం 16 లాంటిదే. బ్యాంకులు, షేర్ల బ్రోకర్లు 1099లు పంపుతారు. ఆ వివరాలన్నీ ఐఆర్‌ఎస్‌కు, అంటే ఇక్కడి ఆదాయపు పన్ను శాఖకు కూడా చేరతాయి. అయినా 1040 ఫారం మన ముందుకు ఖాళీగానే వస్తుంది. అంకెలన్నీ మనమే ఎక్కించి పంపాలి. ఆ తర్వాత వాళ్ల కంప్యూటర్ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా వస్తే సీపీ2000 అనే నోటీసు పంపుతుంది, ఒక్కోసారి ఏడాది దాటాక. మనం చూపిన అంకె ఒక పక్క, వాళ్ల దగ్గరున్న అంకె ఇంకో పక్క, కింద వడ్డీతో కలిపి బాకీ. ఆ అంకె ముందే చూపించి ఉంటే ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్న ఒక అబ్బాయి మొన్న మార్చిలో మా ఇంటికొచ్చాడు. కాలేజీ లైబ్రరీలో గంటల లెక్కన పని, ఒకే ఒక్క డబ్ల్యూ-2. ఫోన్‌లో ఏదో యాప్‌తో రిటర్న్ దాదాపు పూర్తి చేసి, పంపేముందు చూపిద్దామని వచ్చాడు. చూస్తే అది ఇక్కడ స్థిరపడినవాళ్లు వేసే 1040. ఎఫ్-1 వీసా మీద కొత్తగా వచ్చిన విద్యార్థులు వేయాల్సింది 1040-ఎన్‌ఆర్. దానికి తోడు 8843 అని మరో ఫారం. ఇండియా, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందంలో 21వ అధికరణం ఉంది. మామూలుగా నాన్‌రెసిడెంట్లకు ఇవ్వని స్టాండర్డ్ డిడక్షన్ దాని ప్రకారం మన విద్యార్థులకు దొరుకుతుంది. ఆ సంగతి యాప్ చెప్పలేదు, అబ్బాయికి తెలియదు. అన్నీ విని ఒకటే అడిగాడు: "జీతం ఎంతిచ్చారో వాళ్లకి తెలుసు కదన్నా, మళ్లీ మనల్నెందుకు అడుగుతున్నారు?"

న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు యుద్ధాలతో మొదలవుతుంది. 1857 తిరుగుబాటుతో ఖజానా ఖాళీ అయి, 1860లో జేమ్స్ విల్సన్ మన దేశంలో ఆదాయపు పన్ను తెచ్చాడు. మరుసటి ఏడాదే అమెరికా అంతర్యుద్ధం ఖర్చుల కోసం లింకన్ ప్రభుత్వం అదే పని చేసింది: 800 డాలర్లు దాటిన ఆదాయం మీద 3 శాతం. యుద్ధం ముగిశాక 1872లో అది పోయింది. 1894లో మళ్లీ తెస్తే, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో కొట్టేసింది. రాజ్యాంగానికి 16వ సవరణ చేసి 1913లో మళ్లీ నిలబెట్టారు. మొదటి 1040 ఫారం సూచనల పేజీతో కలిపి నాలుగే పేజీలు. 3,000 డాలర్ల దాకా పన్నే లేదు. జనాభాలో నూటికి ఒక్కరు కూడా రిటర్న్ వేయలేదు. వేసినవాళ్లు శ్రీమంతులు, వాళ్లకు గుమాస్తాలున్నారు, ప్లీడర్లున్నారు. వాళ్ల ఆదాయం ఎంతో తెలుసుకోవడానికి వాళ్లనే అడగడం తప్ప ప్రభుత్వానికి అప్పట్లో దారి లేదు. నీ లెక్క నువ్వే రాసివ్వాలన్న పద్ధతి ఆ కాలానికి సరిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంతో పరిస్థితి తలకిందులైంది. పన్ను కట్టేవాళ్లు సుమారు 40 లక్షల నుంచి నాలుగు కోట్లు దాటారు. ఫ్యాక్టరీ కూలీ, బడిపంతులు, దుకాణంలో గుమాస్తా, అందరూ పన్ను కిందికొచ్చారు. 1942లో ట్రెజరీ శాఖ డిస్నీతో సినిమా తీయించి, డొనాల్డ్ డక్ చేత పన్ను కట్టించి మరీ జనానికి నేర్పింది. అంతమంది ఏడాది చివర ఒకేసారి కట్టలేరు. మేసీస్ దుకాణాల కోశాధికారి బియర్డ్‌స్లీ రమ్ల్ చేసిన ప్రచారం ఫలించి, 1943 జులై నుంచి జీతంలోనే పన్ను కోత మొదలైంది. పాత ఏడాది పన్ను, కొత్త కోత రెండూ ఒకేసారి మీద పడకుండా ఒక ఏడాది పన్నులో ముప్పాతిక భాగం మాఫీ చేశారు.

నా దృష్టిలో దారి తప్పింది సరిగ్గా ఇక్కడే. పన్ను జీతంలోనే కోస్తున్నప్పుడు జీతగాణ్ణి మళ్లీ లెక్క అడగాల్సిన పని చాలావరకు తప్పించొచ్చు. బ్రిటన్ అదే యుద్ధంలో, 1944లో, జీతంలోనే పన్ను కోసే పేయీ పద్ధతి పెట్టింది. జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లలో ఎక్కువమంది అక్కడ నేటికీ రిటర్నే వేయరు. జపాన్‌లో డిసెంబరు జీతంతో కంపెనీయే ఏడాది లెక్క సరిచేస్తుంది. స్వీడన్‌లో శాఖ నింపి పంపిన రిటర్న్‌ను సరిచూసుకుని ఫోన్‌లో ఒప్పుకుంటే పనైపోతుంది. అమెరికా మాత్రం కోతను తెచ్చుకుంది కానీ శ్రీమంతుల నాటి ఫారాన్ని వదల్లేదు. ఇప్పుడు సగటు రిటర్న్‌కు సుమారు 13 గంటలు పడుతుందని ఐఆర్‌ఎస్సే అంచనా వేస్తోంది.

ఇక్కడి చట్టం చిక్కుగా ఉండటానికి కారణం లేకపోలేదు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తారు. ఈఐటీసీ అని 1975 నుంచి ఒక సాయం ఉంది. కష్టపడి తక్కువ సంపాదించే కుటుంబాలకు అది రిటర్న్ ద్వారానే అందుతుంది. మన దగ్గర రేషన్ కార్డుతోనో, బ్యాంకు ఖాతాలో నేరుగా వేసో చేసే పని ఇక్కడ పన్ను ఫారంతో చేస్తారు. పిల్లలు ఏడాదిలో ఎన్ని నెలలు ఎవరింట్లో ఉన్నారో డబ్ల్యూ-2 చూసి చెప్పలేం, నిజమే. కానీ దాని ఫలితం చూడండి: ఆ సాయం కోసం చాలామంది పేదలు టాక్స్ దుకాణానికి వెళ్లి, అందులోంచే ఫీజు కట్టి వస్తున్నారు. ఈ పద్ధతిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

మార్చే ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. సగానికి పైగా జనం రిటర్న్ వేయనక్కర్లేని పద్ధతి తెస్తామని 1985లో అప్పటి అధ్యక్షుడు రీగన్ అన్నాడు. 2008 కల్లా అలాంటి ఏర్పాటు చేయమని 1998లో ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ చట్టమే చేసింది. రాలేదు. 2002లో ఐఆర్‌ఎస్ టాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కంపెనీలు ఉచితంగా చేసిపెట్టాలి, బదులుగా ప్రభుత్వం సొంత సాఫ్ట్‌వేర్ తేకూడదు. ఆ షరతు 2019 చివర్లో గానీ పోలేదు. ఉచితమని ప్రకటించి జనం దగ్గర డబ్బు తీసుకున్నారన్న కేసులో ఇంట్యూట్ కంపెనీ 2022లో 14.1 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. పన్నులను వ్యతిరేకించే గ్రోవర్ నార్క్విస్ట్ లాంటివాళ్లది మరో వాదన: వసూలు చేసేవాడే లెక్క కూడా కడితే తెలియకుండా పన్ను పెంచేస్తాడని. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ లెక్క చూపించాక కాదనే హక్కు మనకే ఉంటుంది కదా. 2024లో ఐఆర్‌ఎస్ 12 రాష్ట్రాల్లో డైరెక్ట్ ఫైల్ పేరుతో ఉచిత సేవ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది 25 రాష్ట్రాలకు పెరిగింది. 2026 నుంచి ఆపేశారు.

మనవాళ్లకు ఇంకో బరువుంది. ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా, ఎఫ్‌బార్ అనే ఫారంలో విడిగా తెలియజేయాలి. అక్కడి లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబరు. కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీని నెలవారీగా మళ్లీ లెక్కగట్టాలి. అమ్మానాన్నల కోసం హైదరాబాద్ తిరిగి వెళ్లినా, గ్రీన్‌కార్డు అట్టిపెట్టుకుంటే ఇక్కడి రిటర్న్ మామూలుగా వేస్తూనే ఉండాలి.

అందుకే ఆగస్టులో మీ పిల్లలు విమానం ఎక్కేముందు రెండు సంగతులు చెప్పి పంపండి. కొన్ని యూనివర్సిటీల్లో, లైబ్రరీల్లో వీటా అనే ఉచిత సహాయ కేంద్రాలు ఉంటాయి. 1040-ఎన్‌ఆర్ చేసే కేంద్రం ఏదో కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగాలి. జనవరిలో ఫోన్ చేసి "మీకు పెద్ద రిఫండ్ ఇప్పిస్తాం" అనేవాళ్ల మాట నమ్మి సంతకం పెట్టకూడదు. రిఫండ్ వాళ్లిచ్చే డబ్బు కాదు, జీతంలో ఎక్కువ కోసిందే వెనక్కి వస్తుంది. రేపు నోటీసొస్తే దాని మీద ఉండేది పిల్లాడి పేరే.