మనసుకు మంచి తిండి అంటే ఎవరి తిండి?

పుప్పాలగూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ను ఆనుకుని ఉంటుంది. టవర్లలో కోడ్ రాసేవాళ్లు, ఆ టవర్లు కట్టేవాళ్లు, వాటిని ఊడ్చి తుడిచేవాళ్లు మధ్యాహ్నం ఈ చుట్టుపక్కలే తింటారు. డిప్రెషన్ తగ్గాలంటే ఏం తినాలో చెప్పే సలహాలు మాత్రం మొదటివాళ్లనే చూసి రాస్తున్నారు. సలాడ్, ఓట్స్, బాదం.

అసలు పరిశోధన ఏం చెప్పింది? ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా బృందం డిప్రెషన్ ఉన్న 67 మంది పెద్దవాళ్లతో చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. 12 వారాలు తిండి మార్చుకోవడంలో సాయం అందుకున్నవాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. కబుర్లు చెప్పే తోడు మాత్రమే దొరికినవాళ్లలో 8 శాతం మందే. చిన్న ప్రయోగం, పైగా చాలామంది అప్పటికే చికిత్సలో ఉన్నారు, కాబట్టి తిండే మందు అనలేం. మన దగ్గర ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: ఆ ప్రయోగంలో పెట్టమన్న తిండిలో పప్పులు, కూరగాయలు, చేపలతో పాటు గుడ్లు, కొవ్వు తక్కువున్న ఎర్రమాంసం కూడా ఉన్నాయి.

విటమిన్ బి12 సహజంగా దొరికేది జంతువుల నుంచి వచ్చే తిండిలోనే. అది తగ్గితే నీరసం, మతిమరుపు, దిగులు. ఐరన్ తగ్గినా ఒంట్లో శక్తి ఉండదు, దేని మీదా ధ్యాస నిలవదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండూ ఇచ్చే పెద్దకూర, కార్జం మాల మాదిగ వాడల్లో తరాలుగా వండుకుంటున్నవే. మటన్ కంటే చవక కూడా. నగరంలో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనంలో అన్నం, సాంబారు, కూర, పచ్చడి ఉంటాయి, గుడ్డు ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థేమో 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దంటోంది.

రేపటి కూలి దొరుకుతుందో లేదో, పిల్లలకు పెట్టాక తనకు మిగులుతుందో లేదో అన్న బెంగ ఇంకో భారం. 149 దేశాల సమాచారంతో 2017లో వచ్చిన అధ్యయనం, తిండికి భరోసా తగ్గేకొద్దీ మానసిక స్థితి దిగజారుతోందని చూపింది.

ఆ కొలతల్లోకి రానిది సిగ్గు. ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న టు-లెట్ బోర్డు, ఆఫీసులో వాసన రాకుండా మూత సగమే తీసిన టిఫిన్ బాక్సు, ఏం తిన్నావని అడిగితే చికెన్ అని చెప్పే అబద్ధం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టింది ఈ సిగ్గును వదిలించుకోవడానికే. దాని మీద దాడులు జరిగాయి. ఒంటికి బలమిచ్చే కూరనే దాచుకుని తినాల్సి రావడం మనసును ఎంత కుంగదీస్తుందో కొలవకుండా తిండీ మనసూ అని మాట్లాడితే అది సగం శాస్త్రమే అని మా అభిప్రాయం.

బస్తీల్లో పనిచేసే మిత్రులకు: దిగులు, నీరసం అంటూ ఎవరైనా వస్తే హిమోగ్లోబిన్, వీలైతే బి12 పరీక్ష చేయించండి. డాక్టర్ రాసిన మందులు తిండి మారిందని మాన్పించొద్దు. టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.