బోరుబావి మోటరుకు ఫోను పెట్టె



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు హైదరాబాదు నగరానికి కూరగాయలూ, ద్రాక్షా అందించినవి. ఇక్కడి సేద్యం చాలామట్టుకు బోరుబావుల మీదనే సాగుతున్నది. కరెంటు విడతలు విడతలుగా వచ్చిన రోజుల్లో రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోవలసి వచ్చేది. చీకట్లో పాము కరిచీ, తడిచేత్తో స్టార్టరు ముట్టుకొనీ ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు.

ఆ బాధకు విరుగుడుగా ఆటో స్టార్టర్లు వచ్చినవి. కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేది. ఆపే దిక్కు మాత్రం లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భజలం వృథా కాకుండా వీటిని తీసివేయమని ప్రభుత్వమే కోరింది.

నడపడమూ, ఆపడమూ ఇంటినుంచే చేయించేది ఫోను పెట్టె. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన 'నానో గణేశ్' ఇటువంటిదే. ఇటువంటి పెట్టెలో మైక్రోకంట్రోలర్ మెదడైతే, మోడెం నోరూ చెవీ. పెట్టె మంచిదైనా మోడెం సరిపడకపోతే పైసలు దండుగ.

ఎందుకంటారా? మన దేశంలో మొబైలు ఫోను 1995లో మొదలైంది. ఆ 2జీ తరువాత 3జీ, 4జీ వరుసగా వచ్చినవి. ఎయిర్‌టెల్ 3జీ 2011లో మొదలై, 2020 నాటికే ఆగిపోయింది. తమ్ముడు పోయినా అన్న 2జీ నిలిచాడు. ఇక 2016లో వచ్చిన జియోకు 2జీ లేనే లేదు. కనుక కొత్తదైతే చాలునని గానీ, చౌకైతే చాలునని గానీ కొనరాదు.

మరి ఏం చూడాలి? ముందుగా ఏ కంపెనీ సిగ్నల్ మీ బోరుకాడ బాగా అందుతుందో ఫోనుతో పరీక్షించండి. ఊళ్లో అందితే చాలదు. 2జీ మోడెంలో జియో సిమ్ పనిచేయదు. 4జీతోబాటు 2జీ కూడా పట్టే మోడెం అయితే, ఎయిర్‌టెల్ వంటి సిమ్ వేసినప్పుడు ఒకటి అందకున్నా మరొకటి ఆదుకుంటుంది. మిస్డ్ కాల్‌తో నడపదలిస్తే, 4జీ మీద మాట కూడా పోతుందా అని అడగండి. కొన్ని మోడెంలు డేటా మాత్రమే పంపుతాయి.

2జీ మోడెం సంకేతం పంపే క్షణంలో 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. సరఫరా బలహీనమైతే మోడెం ఆగి మళ్లీ మొదలవుతుంది; మనమేమో సిగ్నల్ లేదనుకొంటాము. యాంటెనాను ఇనుప పెట్టె లోపల కాక బయట బిగించాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ సంగతి ప్రతి రైతుకూ చెప్పండి: 'మోటరు ఆగింది' అని ఫోనులో కబురు వచ్చినా, తీగలో కరెంటు లేదని అర్థం కాదు. మోటరు ముట్టుకొనే ముందు మెయిన్ స్విచ్ చేతితో ఆపి, ఫ్యూజులు తీయవలె. ఫోను పెట్టె రైతుకు రాత్రి నడక తప్పిస్తుంది గాని, జాగ్రత్తను తప్పించదు.